బధిర సమాజం: భాష, బడి, బతుకు

పుట్టుకతోనో పసితనంలోనో వినికిడి పోయిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినగలిగే తల్లిదండ్రుల బిడ్డలే. బధిర సమాజం గురించి ఏ పాఠమైనా ఇక్కడే మొదలుపెట్టాలి. యాస, వంట, పండుగ, ఇలవేల్పు, బంధువుల వరసలు మామూలుగా ఇంట్లో పెద్దల నుంచి పిల్లలకు వస్తాయి. బధిరుల భాష, నడవడి అలా రావు. తోటి బధిరుల నుంచి, ఎక్కువగా హాస్టల్లో పైతరగతి పిల్లల నుంచి వస్తాయి. తల్లి నేర్పలేని మాతృభాష అది. అందుకే ఈ సమాజానికి ప్రత్యేకంగా ఒక ఊరూ వాడా ఉండవు. బధిరులు నలుగురు కలుసుకునే చోటే దాని చిరునామా.

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం వైపు ఉన్న కోటవురట్ల మండలాన్ని తలచుకుంటే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న పల్లెల మండలం ఇది. ఇలాంటి చోట పుట్టిన బధిర బిడ్డకు తన వీధిలో, చాలాసార్లు తన ఊళ్లోనే, తనలాంటి మరో మనిషి కనబడకపోవచ్చు. పొలం పని నేర్చుకుంటాడు, పశువులను చూసుకుంటాడు, జాతరకు వెళతాడు, ఇంటిల్లిపాదీ ముద్దు చేస్తారు. కానీ అన్నాల దగ్గర నలుగురూ ఎందుకు నవ్వారో ఎవరూ చెప్పరు. అడిగితే, తర్వాత చెబుతాలే అన్నట్టు చెయ్యి ఊపుతారు. ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. బాల్యం గురించి చెప్పమంటే ఈ భోజనాల దగ్గరి ఒంటరితనాన్నే తలచుకునే బధిరులు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అమెరికాలో దీనికి 'డిన్నర్ టేబుల్ సిండ్రోమ్' అని పేరే పడింది.

కుటుంబానికి మొదట తెలిసేది ఆస్పత్రి దారి. రెండేళ్లు నిండినా బిడ్డకు మాటలు రావు. వాళ్ల మేనమామకూ ఆలస్యంగానే వచ్చాయని పెద్దలు సర్దిచెబుతారు. అలా ఏడాదో రెండేళ్లో గడిచాక నర్సీపట్నం ఆస్పత్రి, అక్కణ్ణుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి. శబ్దం వినిపించినప్పుడు మెదడులో పుట్టే స్పందనను తలకు అంటించిన తీగలతో కొలిచే బెరా పరీక్షను పసిపిల్లలకు నిద్రలో చేస్తారు. కాస్త పెద్దయ్యాక హెడ్‌ఫోన్ పెట్టి ఆడియోగ్రామ్ గీస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెళ్లు, అంతకు మించిన లోపం ఉంటే బధిరులు. 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువైనవారు. ఆ అంకె ఆధారంగానే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వస్తుంది. సర్టిఫికెట్ ఉంటేనే పింఛను, ప్రయాణ రాయితీలు, ఉద్యోగాల్లో రిజర్వేషన్. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పేద ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అయితే ఈ దారి పొడుగునా బిడ్డకు ఏం వినిపించదో కొలిచేవాళ్లే ఎక్కువ. ఆ బిడ్డకు ఏ భాష అందాలో చెప్పేవాళ్లు అరుదు.

లెక్కల సంగతి కొంత చిక్కుగానే ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా తేలారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 3 లక్షలకు పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత అంచనా మాత్రం దేశంలో 6 కోట్లు దాటింది. వయసు మీద పడి చెవి మందగించిన తాతయ్యను కూడా కలిపితే పెద్ద అంకె, ఇంటివాళ్లు నోరు విప్పి చెప్పినవాళ్లనే రాసుకుంటే చిన్న అంకె. సైగలతో బతికే సమాజం ఎంతమందో ఈ రెండూ చెప్పలేవు.

కారణాలు చాలానే ఉన్నాయి. గర్భిణికి సోకే రుబెల్లా, పసివాడికి వచ్చే మెదడువాపు, పుట్టగానే ముదిరిన పచ్చకామెర్లు, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ లాంటి మందులు లోపలి చెవిని దెబ్బతీస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో పెద్దయెత్తున మొదలైన తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం ఇందులో ఒక కారణాన్నయినా తగ్గించేది. మేనరికం మరో కారణం. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తమిళనాడు, కర్ణాటకలతో పాటు ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇక్కడ సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు అలాంటివేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో తేడా తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే బిడ్డకు వినిపించదు. ఒకే కుటుంబపు కొమ్మలు కలిసినప్పుడు అలా జరిగే అవకాశం పెరుగుతుంది. దీన్ని తల్లి చేసుకున్న పాపంగా చెప్పే మాటలు పల్లెల్లో ఇంకా వినబడుతూనే ఉన్నాయి. జన్యువుకు పాపపుణ్యాలతో సంబంధం లేదు.

వైద్యుడి దృష్టిలో ఇది లోపం. బధిరుల్లో చాలామంది దృష్టిలో ఇది ఒక బతుకు తీరు, ఒక భాష. ఈ రెండో చూపునే కాలేజీల్లో 'డెఫ్ స్టడీస్' పేరుతో చెబుతారు. అమెరికాలో వాషింగ్టన్ నగరంలోని గాలాడెట్ విశ్వవిద్యాలయం 1864 నుంచి బధిరులకు ఉన్నత విద్య నేర్పుతోంది. అక్కడ ఇంగ్లిష్ ఆచార్యుడిగా పనిచేసిన విలియం స్టోకీ 1960లో సైగలకూ భాషా నిర్మాణం ఉందని చూపించాడు. అప్పటిదాకా సైగలంటే మాటలు రానివాళ్ల చేతి ఊపులు అని పండితులు కూడా కొట్టిపారేసేవారు. వినికిడి లేకపోవడానికీ, బధిర సమాజంలో ఒకరు కావడానికీ ఉన్న తేడాను 1972లో జేమ్స్ వుడ్‌వర్డ్ ఎత్తిచూపాడు. కరోల్ పాడెన్, టామ్ హంఫ్రీస్ అనే ఇద్దరు బధిర పరిశోధకులు 1988లో తమ పుస్తకంతో బధిర సంస్కృతి అన్న భావనను జనంలోకి తెచ్చారు. అదే ఏడాది మార్చిలో, మళ్లీ వినగలిగే మనిషినే అధ్యక్షురాలిగా నియమించారని గాలాడెట్ విద్యార్థులు కాలేజీ గేట్లు మూసి ఉద్యమించారు. వారం తిరిగేసరికి ఐ. కింగ్ జోర్డాన్ మొదటి బధిర అధ్యక్షుడయ్యాడు.

మరి కోటవురట్ల పల్లెలో ఒక్కడే ఉన్న బిడ్డకు భాష ఎక్కడిది? ఏ బిడ్డా ఊరికే ఉండడు. అన్నానికి ఒక సైగ, గేదెకు ఒక సైగ, నాన్నకు మీసం, కోపిష్టి పిన్నికి ఒక ముఖకవళిక అల్లుకుంటాడు. వీటిని ఇంటి సైగలంటారు. ఇవి ఆ గడప దాటితే చెల్లవు; నిన్న జరిగిన గొడవనో, రేపటి ప్రయాణాన్నో వివరంగా చెప్పడానికి చాలవు. అదే పదిమంది పిల్లలు ఒకచోట చేరితే జరిగేది వేరు. నికరాగువా దేశ రాజధాని మనాగువాలో 1977 తర్వాత బధిరుల బడులు తెరిచారు. టీచర్లు నేర్పబోయింది స్పానిష్ పెదవుల చదువు. పిల్లలు మాత్రం ఆటస్థలంలో, బస్సులో తమ ఇంటి సైగలను ఒకరితో ఒకరు కలబోసుకున్నారు. కొన్నేళ్లకే వ్యాకరణంతో సహా ఒక కొత్త భాష తయారైంది. 1986లో అక్కడికి వెళ్లిన జూడీ కెగల్ లాంటి భాషావేత్తలు ఒక భాష పుట్టుకను కళ్లారా చూడగలిగారు.

అంత దూరం వెళ్లక్కర్లేదు కూడా. హిందూపురానికి పొరుగున, కర్ణాటకలోని గౌరిబిదనూరు దగ్గర ఆలీపూర్ అనే ఊరుంది. తరతరాలుగా దగ్గరి బంధువుల్లోనే పెళ్లిళ్లు చేసుకోవడంతో అక్కడ బధిరులు ఎక్కువ. వాళ్ల మధ్య పుట్టిన సైగల భాష దేశంలోని తక్కిన సైగల భాషకు భిన్నమైనది. బధిర పరిశోధకుడు శిబాజీ పాండా దాన్ని అధ్యయనం చేశాడు. చెవులు వినిపించే ఊరివాళ్లలోనూ ఆ సైగలు తెలిసినవాళ్లు ఉన్నారు. తగినంతమంది బధిరులు కలిసి బతికితే ఊరు కూడా కొంత మారుతుందనడానికి ఆలీపూర్ సాక్ష్యం.

తెలుగునాట బధిరులు వాడేది భారతీయ సైగల భాష. ఇది తెలుగును చేతులతో రాయడం కాదు, హిందీకి అనువాదమూ కాదు. అందుకే విశాఖ కుర్రాడు కోల్‌కతా కుర్రాడితో కాసేపట్లోనే కబుర్లలో పడతాడు. వాళ్ల ఇళ్లలో మాట్లాడే భాషలు రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవైనా ఇదేమీ అడ్డురాదు. ఊరినిబట్టి పదాలు మారతాయి. వ్యాకరణం మాత్రం దాదాపు ఒక్కటే. 1970ల చివర వుడ్‌వర్డ్, మదన్ వాసిష్ఠ, సుసాన్ డిశాంటిస్ ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగళూరుల్లో తిరిగి దీన్ని మొదటిసారి పద్ధతిగా నమోదు చేశారు. వాసిష్ఠ హిమాచల్ ప్రదేశ్ పల్లెలో పుట్టి, బాల్యంలో వినికిడి పోగొట్టుకుని, గాలాడెట్ దాకా వెళ్లి చదువుకున్నవాడు. ఆ తర్వాత జర్మన్ భాషావేత్త ఉల్రీకె జెషాన్ 2000లో భారత, పాకిస్తాన్ సైగల భాష వ్యాకరణం మీద పుస్తకం వెలువరించింది.

ఈ భాషలో ప్రశ్న ఎలా వేస్తారో దగ్గరగా చూస్తే దాని పనితనం తెలుస్తుంది. ప్రశ్నకు ప్రధానంగా ఒకే సైగ ఉంది, అది వాక్యం చివర వస్తుంది. ముఖాన్ని చూపి ఆ సైగ చేస్తే 'ఎవరు'. చోటును చూపి చేస్తే 'ఎక్కడ'. లెక్కను చూపి చేస్తే 'ఎంత'. అవునా కాదా అని అడగాలంటే ఆ సైగ కూడా అక్కర్లేదు. నర్సీపట్నం, రేపు, నువ్వు, వెళ్లడం అని సైగ చేసి కనుబొమలు ఎత్తి తల కొంచెం ముందుకు వంచితే అది ప్రశ్న. కనుబొమలు కదలకపోతే అదే వాక్యం మామూలు కబురు. కాదు, లేదు అన్న సైగ కూడా చివరనే పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేతులు బాగానే తిప్పుతారు, ముఖం బిగుసుకుపోతుంది. అలాంటి వాళ్ల మాట బధిరులకు సగమే అందుతుంది. మగవారికి మీసం, ఆడవారికి ముక్కుపుడక చూపించే సైగల్లో ఈ నేల గుర్తులు కూడా ఉన్నాయి.

ఇంత భాష ఉండగా దాన్ని బడిలోకి రానివ్వలేదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్య మహాసభ, సైగలను పక్కనబెట్టి నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లలో దాదాపు అందరూ వినగలిగేవాళ్లే. ఆ గాలిలోనే మన దేశంలో మొదటి బధిర పాఠశాల 1880ల మధ్యలో బొంబాయిలో, ఆ తర్వాత 1893లో మరొకటి కలకత్తాలో వెలిశాయి. తమిళనాట పాళయంకోట్టైలో ఫ్లోరెన్స్ స్వెయిన్‌సన్ నడిపిన బడిలో సైగలు వాడారు, కానీ ఆ దారి పట్టినవాళ్లు తక్కువ. మిలాన్ తీర్మానాలను అదే మహాసభల పరంపర 2010లో కెనడాలోని వాంకూవర్‌లో తోసిపుచ్చి విచారం ప్రకటించింది. మధ్యలో నూట ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

పెదవులు చూసి మాట పట్టుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే ఎవరైనా అద్దం ముందు నిలబడి గొంతు పెగల్చకుండా పాట, బాట, మాట అని చూసుకోవచ్చు. మూడూ ఒక్కలాగే కనబడతాయి. టీచరు మీసాలు గుబురుగా ఉన్నా, బోర్డువైపు తిరిగి మాట్లాడినా అదీ పోతుంది. కరోనా రోజుల్లో మాస్కులు వచ్చాక పెదవుల మీద ఆధారపడినవాళ్లు ఒక్కసారిగా మనుషుల్లో ఒంటరివాళ్లయ్యారు. నోటిమాట నేర్పడం తప్పని ఎవరూ అనరు. దాని కోసం చేతులు కట్టేయడమే తప్పు. ఎన్నో బడుల్లో సైగ చేస్తే చేతుల మీద దెబ్బ పడేది. పాఠం అర్థం కాకుండానే పదో తరగతి దాకా అక్షరాలు దించి రాసిన పిల్లలు వేలల్లో ఉంటారు.

అయినా ఆ బడుల్లోనే సమాజం పుట్టింది. బాపట్లలో ప్రభుత్వ బధిరుల ఆశ్రమ పాఠశాల, హైదరాబాద్ మలక్‌పేటలో ప్రభుత్వ బధిరుల పాఠశాల, కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రం, సికింద్రాబాద్‌లో స్వీకార్ ఉప్‌కార్ లాంటి సంస్థలు, అక్కడే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం తెలుగునాట ఈ రంగంలో బాగా తెలిసిన పేర్లు. తరగతి గదిలో ఏం నేర్పినా, రాత్రి హాస్టల్లో లైటు ఆరేదాకా చిన్నవాళ్లకు పెద్దవాళ్లు సైగల్లో కథలు చెప్పేవారు. సినిమా మొత్తం ఒక్కడే నటించి చూపించేవాడు ప్రతి హాస్టల్లోనూ ఉంటాడు. ఇంటి సైగలతో వచ్చిన పిల్లవాడు ఆ గదుల్లో కొన్ని నెలల్లోనే నోరారా, అంటే చేతులారా, మాట్లాడడం మొదలుపెడతాడు. సెలవులకు ఇంటికి వెళ్లాల్సిన రోజు ఏడ్చే పిల్లలు ఈ బడుల్లోనే కనబడతారు.

ఇప్పుడు పద్ధతి మారింది. సమగ్ర శిక్ష కింద పిల్లలను సొంత ఊరి బడిలోనే చేర్చి, మండల స్థాయి భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం అందిస్తున్నారు. బిడ్డ ఇంటికి దూరం కాకుండా ఉండడం మంచిదే. కానీ నలభై మంది వినే పిల్లల మధ్య ఒక్క బధిర బిడ్డ కూర్చుంటే, హాస్టల్ ఇచ్చిన తోడు, భాష ఆ బిడ్డకు దక్కవు. కలుపుకుపోయే చదువు పేరుతో ఒంటరిని చేయడం జరుగుతోందని బధిర సంఘాలు చాలా దేశాల్లో మొత్తుకుంటున్నాయి. ఆ గోడు న్యాయమైనదే.

ఈ సమాజపు మర్యాదలు కళ్ల చుట్టూ అల్లుకున్నవి. పిలవాలంటే భుజం తట్టాలి, దూరంగా ఉంటే చెయ్యి ఊపాలి, గదిలో అందరినీ పిలవాలంటే లైటు వేసి ఆర్పాలి, చెక్కనేల అయితే కాలితో తట్టినా చాలు. మాట్లాడుతూ చూపు తిప్పుకోవడం ముఖం మీద తలుపు వేసినంత అమర్యాద. నలుగురు కలిస్తే వరసగా కూర్చోరు. ఒకరి చేతులు ఒకరికి కనబడేలా గుండ్రంగా నిలబడతారు. వీధి దీపం కింద గంటలకొద్దీ సాగే వీడ్కోళ్లు వీళ్లలో మామూలు. కరెంటు పోతే కబుర్లు ఆగిపోతాయి కాబట్టి వెలుతురున్న చోటు వెతుక్కోవడం అలవాటు. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడిస్తారు.

ప్రతివారికీ ఒక సైగ పేరు ఉంటుంది. దాన్ని ఎవరికి వారు పెట్టుకోరు, తోటి బధిరులు పెడతారు. బుగ్గమీద పుట్టుమచ్చ, నుదుటి గాటు, నడక తీరు, ఇష్టమైన ఆట, ఏదైనా పేరు కావచ్చు. వినేవాళ్ల చెవికి ఇది కటువుగా తోచవచ్చు. లావుగా ఉన్నావు, బాగా ముసలివాడివయ్యావు అని సూటిగా అనడం కూడా అంతే. అందులో ఎగతాళి ఉండదు. ఇంట్లో ఎవరూ పిలవలేని మనిషికి ఒక పేరు దొరకడం గౌరవం.

2016లో చవక 4జీ డేటా, అదే ఏడాది చివర్లో వాట్సాప్ వీడియో కాల్ వచ్చాక ఈ బతుకు మారిపోయింది. అంతకు ముందు స్నేహితుణ్ణి కలవాలంటే బస్సెక్కి వెళ్లి తలుపు తట్టడమే. ఇప్పుడు పల్లెలో ఒక్కడే ఉన్న యువకుడు కూడా ఫోన్‌ను గోడకు ఆనించి రెండు చేతులతో మాట్లాడగలడు. పెళ్లి సంబంధాలు కూడా ఇలా కుదురుతున్నాయి. బధిరులు బధిరులనే చేసుకోవడం ఈ సమాజంలో చాలా చోట్ల కనిపించేదే. కులం చూసే పెద్దలకూ, భాష చూసే పిల్లలకూ మధ్య గొడవలు అక్కడే మొదలవుతాయి.

కాక్లియర్ ఇంప్లాంట్ మీద వాదం ఇంకా తేలలేదు. చెవి వెనక ఎముకలో పరికరం అమర్చి, నత్తగుల్లలాంటి లోపలి చెవిలోకి విద్యుత్ తీగ పంపి, నరానికి నేరుగా సంకేతం అందించే శస్త్రచికిత్స ఇది. లక్షల్లో ఖర్చయ్యే ఈ చికిత్సను ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద పేద పిల్లలకు ఉచితంగా చేయించారు; కేంద్రం అడిప్ పథకం కింద సాయం చేస్తోంది. చిన్న వయసులో చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాట శిక్షణ ఇప్పిస్తే చాలామంది పిల్లలకు మాటలు వస్తాయి. కానీ శిక్షణ పట్నంలో ఉంటే, కూలి మానుకుని వారం వారం వెళ్లలేని తల్లి ఏం చేస్తుంది? పరికరం పైభాగం పాడైతే బాగుచేయించే స్తోమత ఎవరికుంది? చికిత్స మీద నమ్మకంతో సైగలు నేర్పకుండా ఆపితే, అది ఫలించని బిడ్డకు రెండు భాషలూ దక్కవు. రెండూ నేర్పమనేదే బధిర పెద్దల మాట.

తెలుగు సినిమా వినికిడి లోపం కన్నా మూగతనాన్నే ఎక్కువ ఇష్టపడింది. కె. విశ్వనాథ్ 'సిరిసిరిమువ్వ' (1976), 'సిరివెన్నెల' (1986) నాయికలు మాట్లాడలేరు గానీ వినగలరు. సంగీతం నడిచే కథలకు అది అవసరం. నిజ జీవితంలో బధిరుల సంగతి తారుమారు: గొంతు బాగానే ఉంటుంది, వినబడదు. చెవిటివాడి పక్కన నిలబడి తప్పుడు జవాబులతో నవ్వించే హాస్య సన్నివేశాలు లెక్కలేనన్ని వచ్చాయి. 2018లో సుకుమార్ తీసిన 'రంగస్థలం'లో వినికిడి తక్కువైన చిట్టిబాబు కథానాయకుడు కావడం, కథ మలుపు ఆ లోపం మీదే ఆధారపడడం ఆ వరసలో పెద్ద మార్పు.

ఆటల్లో ఈ సమాజానికి సొంత ఒలింపిక్స్ ఉన్నాయి. 1924లో పారిస్‌లో మొదలైన డెఫ్లింపిక్స్ పారాలింపిక్స్ కన్నా పాతవి. తుపాకీ శబ్దానికి బదులు అక్కడ దీపం వెలిగితే పరుగు మొదలు. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్ 2017లో టర్కీలోని సామ్‌సన్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం సాధించాడు.

చట్టం వైపు కూడా కదలిక ఉంది. 2011లో ఢిల్లీ హైకోర్టు తీర్పు బధిరులకు డ్రైవింగ్ లైసెన్సు దారి తెరిచింది. 2016 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చి, అందులో 1 శాతం వినికిడి లోపం ఉన్నవారికి కేటాయించింది. 2023 సెప్టెంబర్‌లో బధిర న్యాయవాది సారా సన్నీ దుభాషి సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొంది. పల్లె పోలీస్ స్టేషన్లో మాత్రం ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన బధిర మహిళకు దుభాషి దొరకడం నేటికీ గగనమే.

2015 సెప్టెంబర్ 28న ఢిల్లీలో ఏర్పాటైన భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల వీడియో నిఘంటువు తెచ్చింది. పాఠ్యపుస్తకాలను సైగల్లోకి మార్చేందుకు 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబర్ 6న పీఎం ఈ-విద్య 31వ చానల్ పూర్తిగా సైగల భాషకే మొదలైంది. బధిరులే సైగల ఉపాధ్యాయులయ్యేలా ఒక డిప్లొమా కూడా ఉంది. నర్సీపట్నం చుట్టుపక్కల మండలాల బధిర పిల్లలను, వాళ్ల తల్లులను వారానికి ఒక రోజు ఒక భవిత కేంద్రంలో కూర్చోబెట్టి, ఆ డిప్లొమా చేసిన బధిర ఉపాధ్యాయుణ్ణి ఒక్కరిని అక్కడ నియమించడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ఒక జీతం, ఒక టీవీ, పిల్లల బస్సు చార్జీలు కావాలి.